కటింగ్ మాస్టారి పెదవులు

యూనిఫాంలు కుట్టే ఆ షెడ్డులో కటింగ్ మాస్టారిని చూసినవారికి ముందుగా కనబడేవి ఆయన పెదవుల మధ్య మెరిసే గుండుసూదులే. ముప్పై ఏళ్లుగా వాటికి అదే చోటు. దానివల్ల సూది కోసం వెతుక్కోనక్కరలేదు, ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. ఈ రెండో సౌకర్యాన్ని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు.

ఫోన్‌కు ముఖం చూపి హాజరు వేసే పద్ధతి షెడ్డులోకి వచ్చినప్పుడు, గుడ్డ కత్తిరిస్తున్న మాస్టారు సూదులతోనే వెళ్లి ముఖం నమోదు చేయించుకున్నారు. మర్నాడు ఖాళీ పెదవులతో నిలబడితే ఫోన్ మొండికేసింది. సూదులు పెట్టుకోగానే ఆకుపచ్చ గుర్తు పడింది. ఆ సర్దుబాటు ఆయనకు భలే నచ్చింది.

భార్యకు నచ్చలేదు. కిందటి నెల ఇంట్లో గుడ్డ కత్తిరిస్తూ ఆయన తుమ్మబోయి ఒక సూదిని గొంతుదాకా లాక్కున్నప్పుడు, వీపు చరిచి బయటికి రప్పించింది ఆవిడే. అప్పటినుంచి ఆయన దగ్గినా ఆవిడ పరుగెత్తుకొస్తోంది.

"మానేద్దామనే ఉందే, ఫోన్ ఒప్పుకోవద్దూ? హాజరు పడకపోతే ఉద్యోగం ఉంటుందా?"

"ఆహా! నేను మొత్తుకుంటే వినని మనిషి ఫోన్ మాట జవదాటరన్నమాట!"

మర్నాడు ఆవిడే షెడ్డుకు వచ్చి, ఆ హాజరు యాప్ చూసే ఇంజనీరమ్మాయిని నిలదీసింది.

"సూదుల్ని చూసి మనిషనుకునే యంత్రమేంటమ్మా?"

"చవక ఫోన్‌లో, నెట్ లేకపోయినా పనిచెయ్యాలని బాగా కుదించిన న్యూరల్ నెట్‌వర్క్, అంటే ముఖాలు పోల్చుకునే ప్రోగ్రాం, పిన్నిగారూ ఇది. ముఖాన్ని కాసిని అంకెలు చేసి దాచుకుంటుంది. మాస్టారు ఇచ్చిన ఒక్క ఫొటోలో సూదులే మెరిసిపోతున్నాయి. పాపం, ఇదేం చేస్తుంది?"

"పోనీలే, కాపురం చేస్తున్న నాకే అలా కనిపిస్తారు. మళ్లీ తీయి తల్లీ."

మాస్టారు అయిష్టంగా సూదులను డబ్బాలో వేశారు. ఖాళీ అయిన పెదవులను ఏం చేయాలో తెలియక ఒకసారి బిగించారు, ఒకసారి చప్పరించారు.

"కదలకండి మాస్టారూ. ఇప్పుడు కాస్త పక్కకి... కొంచెం నవ్వండి."

మిషన్లు ఆగిపోయాయి. ఆ నవ్వును షెడ్డంతా మొదటిసారి చూసింది. ఆకుపచ్చ గుర్తు పడింది.

"ఇంకేం సాకుందో చెప్పండి," అంది భార్య.

ఆయన చేయి అలవాటుగా డబ్బా వైపు వెళ్లి, దారిలోనే ఆగింది. అందరూ చూస్తున్నారు.

"సాకేం లేదే. ఆవేళ... నాకూ భయమేసింది."

ఆవిడ చెంగుతో ముక్కు తుడుచుకుని, "ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా!" అంది.

"చెప్పడానికి నోరు ఖాళీ ఉండొద్దూ పిన్నీ!" అని కాజాలు కుట్టే అమ్మాయి అందుకుంది.