ఆగితే బెల్లం

రోజంతా మాడుగుల, చీడికాడ, వడ్డాది తిరిగి పార్సిళ్ళు పంచి, చోడవరంలో ఇంటికి చేరి హెల్మెట్ తీస్తే, గడ్డం కింది పట్టీ నుంచి చెమటా తోలూ కలిసిన పుల్లటి వాసన వస్తుంది. ఇంకొకరైతే దాన్ని ఉతుకుతారు. నాకు అది మా గుర్రం కళ్ళెం వాసన. ఉతికే ఓపిక లేదని చెప్పడానికి ఇంతకంటే గౌరవమైన కారణం నాకు దొరకలేదు.

మా నాన్న పెళ్ళి ఊరేగింపులకి గుర్రాన్ని అద్దెకిచ్చేవాడు. అంతకు ముందు బ్యాండుమేళంలో పెద్ద డ్రమ్ము మోసేవాడు. మోసే పని ఇంకెవరికైనా అప్పగిద్దామనుకున్నాడో ఏమో, మాడుగుల అవతల ఏజెన్సీలో సంతకి మూటలు మోసే గుర్రాల్లోంచి ఒక ఆడగుర్రాన్ని కొని తెచ్చాడు. తెల్లగుర్రం అని అందరికీ చెప్పేవాడు. కడిగిన రోజు తెల్లగానే ఉండేది. పేరు మహారాణి.

పెళ్ళిళ్ళు జోరుగా జరిగే మాఘమాసంలోనే మావైపు చెరకు నరికేవారు. రోడ్డంతా చెరకు ట్రాక్టర్లు, వాటి వెనక పరిగెత్తి గెడలు లాగే పిల్లలం, ఊరి చివర బెల్లం పొయ్యిల మీద మరిగే పాకం వాసన, పెనం అంచున గట్టిపడిన వేడి బెల్లాన్ని చెరకు ముక్కతో గీరుకుని నాలుక కాల్చుకోవడం, కాలిన నాలుక మీద మళ్ళీ బెల్లమే పెట్టుకోవడం. మా పెద్దవాళ్ళకి బెల్లంతో తీరని సమస్య లేదు. చుట్టమొస్తే బెల్లంముక్కా మంచినీళ్ళు, పిల్లాడు ఏడిస్తే బెల్లం, ఆవు ఈనితే బెల్లం. కాబట్టి మహారాణి మొదటిసారి ఒక నీళ్ళ మడుగు ముందు ఆగిపోయినప్పుడు నాన్న పగ్గాలు అదిలించాడు, బతిమాలాడు, చివరికి బెల్లం పెట్టాడు. తిని నడిచింది.

మర్నాడు మడుగు లేకుండానే ఆగింది. బెల్లం. తరవాత కరెంటు స్తంభం దగ్గర ఆగింది. బెల్లం. మాఘం వచ్చేసరికి మా రోడ్డులో స్తంభాలన్నీ దానికి స్టేషన్లయిపోయాయి. ఒక పెళ్ళిలో, మూసి ఉన్న రేషన్ షాపు ముందు, బాసికం కట్టుకున్న పెళ్ళికొడుకుని వీపున పెట్టుకుని నిలబడిపోయింది. నాన్న జేబులో బెల్లం అయిపోయింది. బ్యాండువాళ్ళు తమకొచ్చిన పాటలన్నీ అయిపోయి మొదటి పాట మళ్ళీ ఎత్తుకున్నారు. పెళ్ళికొడుకు దిగి నడిచి వెళ్ళాడు.

ఆ సాయంత్రం నాన్న తేల్చేశాడు. వడ్డాదిలో పెళ్ళి ఒప్పుకున్నాడు గనక దానికి తీసుకెళ్తాడు. అక్కడ కూడా ఆగితే తెచ్చినచోటికే పంపేస్తాడు, అమ్మినవాడు తిరిగి తీసుకుంటానన్నాడు. నేను అన్నం మానేశాను. ఎవరూ గమనించలేదు, కాబట్టి తిన్నాను.

సంగతి కనిపెట్టింది అమ్మ. బడికి వెళ్తూ నేను సోడా బడ్డీ ముందు చతికిలబడేవాణ్ణి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే నాన్నమ్మ కొంగులోంచి మాడుగుల హల్వా తీసి పెట్టేది, అప్పుడు లేచేవాణ్ణి. అమ్మ ఒకరోజు నన్నూ గుర్రాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఆగినపుడల్లా పెడతంటే ఆగదేటి? ఈ గుంటడూ అంతే."

ఆ రోజునుంచి మా ఇద్దరికీ ఆగినచోట ఏమీ లేదు. పొద్దున్నే అమ్మ పగ్గం వదులుగా పట్టుకుని ముందు నడిచేది. మహారాణి ఆగితే తనూ ఆగేది. తిట్టేది కాదు, లాగేది కాదు, వెనక్కి చూసేది కాదు. బస్సు కోసం నిలబడ్డ మనిషిలా చెరకు తోటకేసి చూస్తూ ఉండేది. నిలబడి నిలబడి గుర్రానికే విసుగొచ్చి అడుగు వేస్తే మెడ మీద ఒకసారి తట్టేది. ఇంటికి చేరాకే బెల్లం దాచిన రేకు డబ్బా మూత తీసేది. నా చదువూ అలాగే సాగింది. ఇద్దరం బాగుపడ్డాం, గుర్రం కాస్త ముందు.

వడ్డాదిలో ఉదయం ముహూర్తం. మహారాణి మడుగులు దాటింది, స్తంభాలు దాటింది, చెరకు ట్రాక్టర్ని కూడా దాటింది. నాన్న ముఖంలో నవ్వు కనిపించింది. తరవాత పెళ్ళిపందిరి కూడా దాటింది.

బెల్లం ఇంటిదగ్గర పెడతారని నేర్పాం. ఇల్లు చోడవరంలో ఉంది. నాన్న పగ్గాలు లాగినకొద్దీ అది తల ఎగరేసి ఇంకా చురుగ్గా నడిచింది. పెళ్ళికొడుకు జూలు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. బ్యాండు గుర్రం వెనకే నడవడం ఆచారం కనక బ్యాండూ వెళ్ళింది.

మా వెంట వచ్చిన అమ్మ పందిట్లోకి పరిగెత్తి పంతులుగారి పళ్ళెంలోంచి జీలకర్రా బెల్లం ముద్ద సగం తీసేసింది. అది ముహూర్తానికి కదమ్మా అన్నారాయన.

"పెళ్ళికొడుకొత్తే కదా బాబూ ముహూర్తం" అని, తోటకి అడ్డంపడి వెళ్ళి గుర్రం ముందు నిలబడింది. ముద్ద చూపించి, వెనక్కి తిరిగి, చూడకుండా నడిచింది. గుర్రం, పెళ్ళికొడుకు, బ్యాండు ఆమె వెనకే తిరిగొచ్చారు. పెళ్ళికూతురి తలకంటే ముందు మహారాణి నోటికి జీలకర్రా బెల్లం అందింది.

పెళ్ళికొడుకు తండ్రి మాత్రం ఊరేగింపు ఊరి చివరిదాకా వెళ్ళిందని పొంగిపోయాడు. నాన్న ముఖం తుడుచుకుంటూ, ఇక దీన్ని పంపెయ్యక తప్పదన్నాడు.

"ఆగితే పంపేత్తానన్నావు. ఆగిందేటి?" అంది అమ్మ.

నాన్న గుర్రాన్ని ఇంటిదారి పట్టించాడు. మహారాణి మా పాకలోనే ముసలిదై, ఒక వానాకాలం అక్కడే కన్నుమూసింది.

ఇప్పుడు పెళ్ళికొడుకులు పైకప్పు తెరుచుకునే కార్లలో నిలబడి వస్తున్నారు. బ్యాండు పోయి డీజే వచ్చింది, ఊరి చివర బెల్లం పొయ్యిలు చల్లారిపోయాయి. పాకలో నా బండి ఉంటుంది. ఇంట్లో రేకు డబ్బా ఉంది, బెల్లం లేదు, అమ్మకి షుగరు. నడవమన్నాడు డాక్టరు. సెలవు రోజు పొద్దున్నే నేనే తీసుకెళ్తాను. స్తంభం స్తంభానికీ ఆగుతుంది. నాకూ నడిచే ఓపిక ఉండదు. అయినా తిట్టను, లాగను; కొంచెం ముందుకెళ్ళి, చెరకు తోటకేసి చూస్తూ, ఖాళీ చెయ్యి వెనక్కి చాపుతాను.

"ఒరే, నేనేటి గుర్రాన్నా?"

వెనక్కి చూడను. కాసేపటికి చెప్పుల చప్పుడు మొదలవుతుంది.