రెండు తెరల్లో ఒకటి

ఆ ఏడు చీటీ ఎత్తిన డబ్బు ఒక్కదానికే సరిపోయేది. చిన్న టీవీ కొనాలి, లేదా తక్కువ రకం కంప్యూటర్ మానిటర్ కొనాలి. కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సు ఎక్కేశాక కూడా ఏది కొనాలో నాకు తేలలేదు. పక్కన మా అత్త, ముందు సీట్లో నా కూతురు. ఎవరి ముఖం చూస్తే వాళ్ళవైపు మనసు లాగేది.

మానిటర్ అడిగింది కూతురు. కంప్యూటర్ నేర్పే చోట పాతబడిన పెట్టె, కీబోర్డు ఇచ్చేశారు, తెర మాత్రం లేదు. శివకాశిలో తెలుగు క్యాలెండర్లు వేసే ప్రెస్సులో తెలుగు టైపు చేసే పిల్ల కావాలన్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది తమిళం కాబట్టి ఆ అక్షరాలు అది కొత్తగా నేర్చుకుంటోంది. వానలు మొదలయ్యేలోపు ప్రెస్సువాళ్ళ పరీక్ష. అది తప్పితే నాతోపాటు అగ్గిపెట్టెల కంపెనీ వ్యాను ఎక్కాల్సిందే.

టీవీ అడిగింది అత్త. మా ఇళ్ళ వరసలో టీవీ ఉన్నది ఒక్క ఇంట్లోనే. అక్కడ సీరియల్ చూసే ఆడవాళ్ళు ఊరికే కూర్చునేవాళ్ళు కాదు. ఆ ఇంటివాళ్ళు కంపెనీ నుంచి తెచ్చుకున్న చట్రం ఒకటి ఒళ్ళో పెట్టుకుని, గాడిగాడికీ అగ్గిపుల్లలు పేరుస్తూ చూడాలి. నిండిన చట్రానికి కూలి ఆ ఇంటికే. ఎవరూ చెప్పి పెట్టిన కట్టుబాటు కాదు, అలా నడిచిపోయింది. చూపు ఆనని కళ్ళతో ఎవరిదో చట్రం నింపి, వేళ్ళు నొక్కుకుంటూ ఆమె ఇంటికి వస్తుంటే నాకు ముద్ద దిగేది కాదు.

విరుదునగర్‌లో దుకాణదారు రెండూ వేసి చూపించాడు. టీవీలో పాట వస్తోంది. మానిటర్‌లో చేపలు ఈదుతున్నాయి.

"ఏమే, దీంట్లో సీరియల్ వస్తాదా?" అంది అత్త చేపల్ని చూపిస్తూ.

"రాదత్తా. పిల్ల కొట్టే అక్షరాలు కనపడతాయి, అంతే."

"అక్షరాలు సూసేదానికి ఇంత పెట్టెనా! పలక కొంటే సవకగా పోతాదే."

కూతురికి రోషం వచ్చింది. "నీకు టీవీలో పడమే గొప్ప అవ్వా. నేను వ్యాన్లో పోతే నీకేమి?"

"మీ అమ్మ పోలేదా వ్యాన్లో? అరిగిపోయిందా?"

ఏది కట్టమంటారని దుకాణదారు తమిళంలో అడిగాడు. ఉండమని బయటికి వచ్చాను. బస్సుల్ని చూస్తూ నిలబడ్డాను. లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికి వచ్చాను. అప్పుడు ఒకటి తోచింది. అత్త చట్రం నేను నింపగలను. పిల్ల పరీక్ష నేను రాయలేను. వెళ్ళి మానిటర్ కట్టమన్నాను. తిరుగు బస్సులో అత్త వేరే సీటు చూసుకుంది.

మర్నాటి నుంచి కంపెనీ నుంచి రాగానే ఆ ఇంటి చట్రం తెచ్చి నింపి, సీరియల్‌కు ముందే ఇచ్చేసేదాన్ని. ఇక అత్త హాయిగా చూస్తుందనుకున్నాను. రెండో నాడే మధ్యలో లేచి వచ్చేసింది.

"చేతులు ఊరికే ఉంటే ఆడ కూర్చోను కాలేదే. పెండ్లికి పొణ్ణు చూడ వచ్చినోళ్ళ మాదిరి ఉండాది," అంది. ఆ తర్వాత మా ఇంటి కూలికి నింపే చట్రమే ఒకటి చంకన పెట్టుకుని పోవడం మొదలుపెట్టింది. ఆ ఇంటామె మూతి తిప్పింది.

కూతురు పరీక్ష గెలిచింది. ప్రెస్సులో చేరమన్నారని చెప్పగానే అత్త చట్రం పక్కన పెట్టి లేచింది.

"అయితే ఇంగ ఈ పెట్టె ఏంటికి? దాన్ని ఇచ్చేసి టీవీ తెచ్చుకుందాము, పదవే."

న్యాయమైన మాటే. కానీ ఆ సాయంత్రాల్లో కూతురి పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ నేనూ తెలుగు అక్షరాలు నేర్చుకుని 'మ' దాకా వచ్చి ఉన్నాను. ఇంకా మిగిలి ఉన్నాయి.

"కొన్నాళ్ళు ఉండనీ అత్తా," అన్నాను.

"ఎవరికి?" అంది అత్త.