మేనేజరు గారి మర్యాదకు పోయిన కప్పు

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేదని, ఇప్పుడు కాస్త తగ్గిందని మా అక్క అందరితో చెబుతూ ఉంటుంది. తగ్గలేదు. గట్టిగా అరిస్తే ఆయాసం వస్తోంది కాబట్టి మెల్లగా కోప్పడుతున్నాను, అంతే. బేస్‌బాల్ మాట ఎవరైనా ఎత్తితే ఆ మెల్లదనం కూడా పోతుంది. ఎందుకంటే ఒమన్‌లో, బహ్లా ఊరి బయట, ఒక చలికాలమంతా నేను ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆటగాణ్ణి. నవ్వకండి. పొద్దున లేచి బంతి విసరడమే నా డ్యూటీ, అందుకే నాకు జీతం. ఆ బతుకును నా చేతుల్లోంచి ఊడబెరికింది పైనుంచి వచ్చిన కష్టమో, అవతలి జట్టు ప్రతాపమో అయితే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. ఊడబెరికింది మా కంపెనీ మేనేజరు. పైగా మన తెలుగాయనే.

కాలేజీలో ఉండగా మా పీఈటీ సారు నా చేతి విసురు చూసి బేస్‌బాల్ జట్టులో వేశారు. ఆ ఆట కోసం నేను రైళ్ళెక్కి ఎక్కడెక్కడో తిరిగాను, సర్టిఫికెట్లు తెచ్చుకున్నాను. ఊళ్ళో మాత్రం ఒక్కరికీ అదేమిటో తెలియదు. "అదేం ఆటరా, క్రికెట్టుకి చెల్లెలా?" అని చర్చి మెట్ల మీద పెద్దవాళ్ళే వెక్కిరించేవారు. అక్క అప్పటికే మస్కట్‌లో నర్సు. తనకు తెలిసినవాళ్ళను పట్టుకుని నాకు వీసా సంపాదించింది. అలా వచ్చి బహ్లాలో ఇళ్ళు కట్టే కంపెనీలో పడ్డాను. నా బతాకాలో (ఇక్కడ ఉండాలంటే జేబులో పెట్టుకు తిరగాల్సిన కార్డు అది) వృత్తి దగ్గర ప్లంబరు హెల్పరని ఉండేది. ప్లంబింగు చెడ్డ పనని కాదు. కానీ ఆ కార్డు తీసినప్పుడల్లా అది నేను కాదు, ఇంకెవడో అనిపించేది.

మా అర్బాబ్‌కి, అంటే యజమానికి, ఒక్కడే కొడుకు. విదేశంలో చదువుకుని అక్కడి నుంచి బేస్‌బాల్ పిచ్చి వెంట తెచ్చుకున్నాడు. మేం అతన్ని చిన్న అర్బాబ్ అనేవాళ్ళం. ఒకరోజు సైట్ మీద విరిగిన పైపు ముక్కను నేను దూరంగా ఉన్న చెత్త డబ్బాలోకి గురిచూసి విసిరితే అతను చూశాడు. కారు దిగి వచ్చి అడిగాడు.

"బేస్‌బాల్ మాలూమ్?"

"మాలూమ్ అర్బాబ్. కాలేజ్ టీం. పిచ్చర్."

"ఖలాస్! సైట్ మాఫీ. కల్ సే ఓన్లీ బాల్!"

పిచ్చర్ అంటే బంతి విసిరేవాడు. ఇక సైటుకి రావద్దు, రేపటి నుంచి ఆటే అని అతని మాటకు అర్థం. ఆ అరబీ హిందీ ఇంగ్లీషు కలగలుపు నా చెవికి కీర్తనలా వినిపించింది. వాళ్ళ నాన్న మాత్రం ఒక షరతు పెట్టాడట. మస్కట్ నుంచి ఏటా వచ్చి కప్పు పట్టుకుపోయే ఫిలిప్పీన్ వాళ్ళ జట్టును ఈసారి ఓడిస్తే టీం ఉంటుంది, నా కార్డు మీద ప్లంబరు హెల్పరు తీసేసి క్రీడాకారుడని రాయిస్తారు. ఓడితే అందరూ తిరిగి సైటుకే. ఈ ముక్క అక్కతో చెప్పిన రోజే అక్క అమ్మతో చెప్పింది, అమ్మ ఆదివారం ప్రార్థనలో మైకులో చెప్పింది. నేను ఇంకా ఒక్క బంతీ వేయకముందే మా ఊళ్ళో నేను ఒమన్ దేశపు ఆటగాణ్ణి అయిపోయాను.

జట్టంటే మా కంపెనీ మనుషులే. తాపీపని వాళ్ళు, ఎలక్ట్రీషియన్లు, ఒక వంటవాడు. అందరూ పుట్టుకతోనే క్రికెట్ ఆడినవాళ్ళు. బేస్‌బాల్‌లో బంతిని కొట్టగానే కర్ర అక్కడే పారేసి పరిగెత్తాలి. మావాళ్ళు కర్రతో సహా పరిగెత్తి, దారిలో ఆగాల్సిన గుర్తు, అంటే బేసు, దగ్గరపడ్డాక కర్ర చాపి నేలకు ఆనించేవారు. బంతి దగ్గర్లోనే పడితే పరిగెత్తకుండా చెయ్యెత్తి "నో! నో!" అనేవారు. ఇక్కడ నో లేదు నాయనా, కొడితే పరిగెత్తి తీరాలి అని నేను గొంతు చించుకునేవాణ్ణి. ఖర్జూరం తోటలవతల ఆ రాళ్ళ నేల మీద నా అరుపులకు మేకలు కూడా దారి మార్చుకునేవి. అయినా రెండు నెలలు తిరిగేసరికి వాళ్ళు నేర్చుకున్నారు. నేర్చుకోనిది మా మేనేజరొక్కడే.

ఆయనది తెనాలి వైపు. నోరు తెరిస్తే "యల్లా, యల్లా" అని తొందరపెట్టేవాడు కాబట్టి యల్లా బాబాయ్ అని మా చాటు పేరు. రోజూ గ్రౌండ్ పక్కన కుర్చీ వేసుకుని టీ తాగుతూ నా కోచింగుకి వంకలు పెట్టేవాడు. "ఏందయ్యా నీ హడావుడి? కర్రతో కొట్టి పరిగెత్తటమేగా! మేం కుర్రప్పుడు ఆడని ఆటా ఇది?" అనేవాడు. రూల్స్ చెప్పబోతే చెయ్యి ఊపేవాడు. జీతాల సంతకం ఆయనది కాబట్టి నేను పళ్ళు నూరుకుని ఊరుకునేవాణ్ణి. (అప్పుడే నాలుగు మాటలనేసి ఉండాల్సింది.)

కప్పు ఆట శుక్రవారం జరిగింది. పెద్ద అర్బాబ్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అక్క ఆస్పత్రిలో డ్యూటీ మార్చుకుని, తోటి నర్సులను వ్యాన్‌లో ఎక్కించుకుని మస్కట్ నుంచి వచ్చింది. మగ్రిబ్ బాంగు, అంటే పొద్దుగూకే వేళ మసీదు నుంచి వచ్చే నమాజు పిలుపు, వినపడే వేళకు ఆట ముగియాలి, స్కోరు సమానమైతే కప్పు పాతవాళ్ళ దగ్గరే ఉంటుంది, ఇదీ ఒప్పందం. నేను ఆ రోజంతా బంతులు విసిరి విసిరి భుజం మండిపోతుండగా చివరి వంతుకొచ్చాం. మేం ఒక్క పరుగు వెనక. మావాళ్ళు ఇద్దరు అప్పటికే ఔట్, మూడోవాడు ఔటైతే ఆట అయిపోయినట్టే. మూడో బేసు మీద మా బెంగాలీ మేస్త్రి, రెండో బేసు మీద మలయాళీ ఎలక్ట్రీషియన్. కర్ర నా చేతిలో. ఆ ఇద్దరూ చుట్టి వచ్చి హోమ్ అనే గడప తొక్కితే మేం గెలిచినట్టే. సరిగ్గా అప్పుడే మేస్త్రి కాలు బెణికిందని కూలబడ్డాడు.

"నేనున్నాగా! బై-రన్నర్‌గా నేనెళ్తా. యల్లా!" అంటూ మేనేజరు ఇస్త్రీ ప్యాంటు పైకి మడిచి మూడో బేసు మీదికి వచ్చేశాడు. పెద్ద అర్బాబ్ చూస్తున్నాడు మరి, కనపడాలి కదా! వద్దని నేను అరిచాను. ఎవడు వింటాడు?

సరే, కొట్టాను. బంతి వాళ్ళ మూడో బేసు మనిషి పక్కనుంచి దూసుకుపోయి దూరంగా పడింది. నేను పరిగెత్తుతూనే చూస్తున్నాను. మేనేజరు పొట్ట ఊపుకుంటూ హోమ్ తొక్కాడు. స్కోరు సమానం! వెనకే ఎలక్ట్రీషియన్ ప్రాణాలు పెట్టి వస్తున్నాడు. అవతల నుంచి విసిరిన బంతి గురి తప్పింది. హోమ్ దగ్గర కాపలా ఉండే క్యాచర్ చేతికి అందకుండా దొర్లుకుంటూ పోయింది. అయిపోయింది, గెలిచేశాం! ఆ బంతి దొర్లి దొర్లి రొప్పుతూ నిలబడ్డ మా మేనేజరు బూటు దగ్గర ఆగింది. ఆయన వంగాడు. తీశాడు. ప్యాంటుకేసి దుమ్ము తుడిచాడు. చిరునవ్వు నవ్వి, వెతుక్కుంటున్న క్యాచర్ చేతిలో పెట్టాడు.

"థాంక్యూ సర్!" అన్నాడు క్యాచర్, నిజంగానే మర్యాదగా. తిరిగి, గడపకు బెత్తెడు దూరంలో ఉన్న మా ఎలక్ట్రీషియన్‌ను ఆ బంతితో తాకాడు. ఔట్. ఇంతలో బాంగు మొదలైంది.

రెండో బేసు మీద నుంచి నేను పరిగెత్తుకొచ్చిన తీరు చూసి ఫిలిప్పీన్ వాళ్ళు పక్కకు తప్పుకున్నారు. "ఏం చేశారో తెలుసా సార్? బంతి ఎందుకిచ్చారు? వాడికెందుకిచ్చారు?" అని పెద్ద అర్బాబ్ ముందే ఆయన కాలరు దాకా వెళ్ళాను. జట్టంతా నన్ను వెనక్కి లాగింది.

మేనేజరు ముఖంలో తప్పు చేసిన జాడే లేదు. "అదేంది అబ్బాయ్, కాళ్ళకాడికొచ్చిన బంతి ఇయ్యకుండా ఎట్టా ఉంటాం? బాగోదుగా! పాపం వాడు ఎతుక్కుంటన్నాడు" అన్నాడు. నిజమే, మన వీధుల్లో క్రికెట్ ఆడేవాడెవడైనా పక్కన పడ్డ బంతిని తీసి అవతలివాడికి అందిస్తాడు. పిల్లప్పటి నుంచి చేతికి పట్టిన అలవాటు. కానీ సార్, ఆ చేతిలో ఉన్నది నా బతుకు!

చిన్న అర్బాబ్ టోపీ తీసి నా భుజం తట్టి "బాబా బోలా, టీం ఖలాస్" అన్నాడు, వాళ్ళ నాన్న జట్టును రద్దు చేశాడని. మర్నాడు పొద్దున నేను ఒక విల్లా బాత్రూంలో పైపులు బిగిస్తున్నాను. నన్ను అసలు మండించింది ఆ తర్వాత సంగతి. "చివర్లో నేను దిగబట్టి స్కోరు సమానమైంది" అని మేనేజరు వచ్చినవాడికల్లా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. కంపెనీ మారి నేను ఇబ్రా అనే ఇంకో ఊరు వెళ్ళినా ఆ కథ నాకంటే ముందే అక్కడికి చేరుకుంది. "తెనాలాయన భలే పరుగు తీశాడంట కదా!" అని అక్కడివాళ్ళు నన్నే అడిగారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

ఈ కోపంలో పడి ఒక మాట ఇన్నేళ్ళూ పక్కన పెట్టేశాను. ఆ సాయంత్రం అందరూ సర్దుకుంటుంటే అక్క నీళ్ళ సీసా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "నాకీ ఆట ఒక్క ముక్క అర్థం కాలేదురా. ఎవరు గెలిచారో కూడా తెలీలేదు. నువ్వు బాగా ఆడావా?" అంది. నేను సీసా విసిరికొట్టి జవాబు చెప్పకుండా వెళ్ళి పికప్ ఎక్కేశాను. దుమ్ము కొట్టుకుపోయి, పళ్ళు కొరుకుతూ, లోకమంతా తనకు ద్రోహం చేసిందని కూర్చున్న ఆ కుర్రాడు ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. వాడు తన జన్మలోకెల్లా గొప్ప దెబ్బ కొట్టి గంట కూడా కాలేదు. మేనేజరును తిట్టుకునే హడావుడిలో అది చూసుకోనేలేదు.

ఆడాను అక్కా. చాలా బాగా ఆడాను.