అద్దం మేస్త్రి చొక్కా వాసన

ఆ ఊళ్లో చెక్కకు మెరుగు పెట్టేవాళ్లు చాలామందే ఉన్నా, అద్దం మేస్త్రి మాత్రం ఒక్కడే. అసలు పేరు రాసి ఉత్తరం వేస్తే పోస్ట్‌మాన్ నాలుగు వీధులు తిరిగి వెనక్కి పట్టుకుపోయేవాడు. అద్దం మేస్త్రి అని రాస్తే కళ్లు మూసుకుని తెచ్చి ఇచ్చేవాడు. అతను పాలిష్ పెట్టిన బీరువా తలుపు ముందు ఒక పిల్లి పొద్దున్నే తన నీడతో పోట్లాటకు దిగి, మధ్యాహ్నానికి ఓడిపోయి, సిగ్గుతో ఇల్లు వదిలి వెళ్లిపోయిందని చెప్పుకునేవారు. ఇంకో ఇంట్లో ఓ పెద్దమనిషి బల్లలో తన ముఖం చూసి, ఎవరో వచ్చారనుకుని నమస్కారం పెట్టాడట. పిల్లి సంగతి నిజమే. పెద్దమనిషి సంగతి, ఆయన పరువు కోసం, అబద్ధమనుకుందాం.

ఆ మెరుగు ఊరికే రాదు. లక్కను స్పిరిట్‌లో కరిగించాలి. దూదిని పాత గుడ్డలో ఉండలా చుట్టి, ఆ పాలిష్‌లో తడిపి, చెక్క మీద సున్నాలు చుడుతూ పోవాలి. చెయ్యి కాస్త తటపటాయిస్తే అక్కడే మచ్చ. పల్చగా ఒక పొర, అది ఆరాక ఇంకో పొర, అలా చెయ్యి లాగేసేదాకా. షెడ్డంతా స్పిరిట్ వాసన. చొక్కా, జుట్టు, చివరికి మధ్యాహ్నం తినే అన్నం కూడా అదే వాసన.

ఈ వాసనలో ఒక సౌకర్యం ఉంది. మామూలు మనిషి రెండు గుక్కలు వేసుకుని వీధిలోకి వస్తే అటు చివర ఇస్త్రీవాడికి కూడా తెలిసిపోతుంది. అద్దం మేస్త్రి పీపాలో మునిగి లేచి వచ్చినా, "పాపం, ఇవాళ పని ఎక్కువైనట్టుంది" అని దారి ఇచ్చేవారు.

మొదట్లో పని ముగిశాక తాగేవాడు. అందులో తప్పేముంది అనుకున్నాడు. తర్వాత మధ్యాహ్నం మొదలైంది. ఆ తర్వాత పొద్దున లేవగానే చెయ్యి వణకసాగింది. ఒక గుక్క పడితే ఆగేది. దాంతో మందును మందుగానే తీసుకుంటున్నానని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే భార్య అప్పుడప్పుడు తలెత్తి అడిగేది.

"తాగారా?"

"స్పిరిట్ వాసనే. పనివాడి ఒంటి మీద మల్లెపూల వాసన రమ్మంటావా?"

ఆమె మళ్లీ తల దించుకుని కుట్టు సాగించేది. భోజనం ముందు కూర్చుని నిద్రపోవడం, చెప్పిన మాటే మళ్లీ చెప్పడం, పిల్లల ముందు ఊరికే కస్సుమనడం ఆమె చూడకపోలేదు. కానీ కళ్లు చూసినదాన్ని ముక్కు ఖాయం చేయలేకపోయింది.

షెడ్డులో మందు ఎక్కడ దాచాలన్నది అతనికి పెద్ద సమస్యే కాలేదు. నీళ్లలా తెల్లగా ఉండే రకం కొని, ఖాళీ స్పిరిట్ సీసాలో పోసి, స్పిరిట్ సీసాల పక్కనే పెట్టేశాడు. పాలిష్ షెడ్డులో స్పిరిట్ సీసాను అనుమానించేదెవరు? ఎడమ చివరది తనది, మిగతావి చెక్కవి. ఆ స్పిరిట్ తాగేది కాదు. పొరపాటున గొంతులోకి పోతే కళ్లు పోతాయి, ప్రాణమూ పోవచ్చు. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. అతనికి అందరికంటే బాగా తెలుసు.

ఒక వకీలు గారి పెద్ద భోజనాల బల్ల వచ్చింది. అద్దం మేస్త్రి దాని మీద తన ప్రాణమంతా పెట్టాడు. ఆఖరి పొరకు పాలిష్ కాస్త చిక్కగా అనిపించి, అరలో కుడి చివరి సీసా అందుకుని గిన్నెలోకి ఇంత వంచాడు. గుడ్డ ముంచి ఒక్క సున్నా చుట్టాడు. బల్ల తెల్లబారింది. ఇంకో సున్నా చుట్టేసరికి పాలు ఒలికినట్టు మబ్బు కమ్మింది. గిన్నెలోకి చూస్తే పాలిష్ విరిగిపోయి ఉంది.

లక్క పాలిష్‌కు నీళ్లు పడవు. స్పిరిట్‌లో నీళ్లు ఉండవు. మందులో సగానికి పైగా నీళ్లే.

షెడ్డు యజమాని పరుగెత్తుకొచ్చాడు. "ఇదేంటయ్యా, బల్లకు బొల్లి వచ్చింది?"

"గాలిలో తేమండీ," అన్నాడు అద్దం మేస్త్రి, మాట తడబడకుండా.

"అంతే అంతే, ఈ పాడు వానలు! గీకేసి మళ్లీ మొదలెట్టు. వకీలుకు నేను చెప్పుకుంటాలే." యజమాని ఆకాశాన్ని నాలుగు తిట్లు తిట్టి వెళ్లిపోయాడు. అంత తేలిగ్గా తప్పించుకున్నవాడు లోకంలో ఉండడు. అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు.

కానీ ఎడమ చివరి సీసా కుడివైపు ఎలా వచ్చింది? ఎవరు జరిపారు? తనే. ఎప్పుడు? గుర్తు లేదు. ఇందాక వంచిన సీసాను తిరిగి ఏ చివర పెట్టాడో అదీ గుర్తు లేదు. రెండు చివర్ల సీసాలూ దించి ముందు పెట్టుకున్నాడు. మూతలు తీసి వాసన చూశాడు. ఏళ్ల తరబడి స్పిరిట్‌లో నానిన ముక్కుకు రెండూ ఒకటే. ఈలోగా చెయ్యి వణకడం మొదలైంది, వేళయింది కదా. అప్పుడతనికి బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. ఒక చెక్కముక్క తీసుకుని, పాలిష్ రాసి, రెండు సీసాల నుంచీ చెరో చుక్క వేశాడు. ఒకటి తెల్లబారింది. అంటే మందు అదే! కనిపెట్టేసినందుకు తన భుజం తనే తట్టుకుని, ఆ సీసా ఎత్తి నోటి దాకా తెచ్చాడు.

అక్కడ ఆగాడు.

చెయ్యి వణుకుతోంది. సీసా అంచు పళ్లకు తగిలి టకటకమంటోంది. ఇవాళ చెక్కముక్క ఉంది, పరీక్ష చేశాను. రేపు ఓపిక లేకపోతే? అయినా, చావు పక్కనే పెట్టిన సీసాలోంచి తాగడానికి ఇంత తెలివి ఖర్చు పెడుతున్నానా? బల్ల మీద పడాల్సింది గొంతులో పడి ఉంటే, ఈపాటికి యజమాని తిట్టేది వానను కాదు.

సీసాలు రెండూ అక్కడే వదిలేసి నేరుగా బస్ డిపోకు వెళ్లాడు. అక్కడ అతని బావమరిది, బస్సు డ్రైవరు, టైర్లను కాలితో తన్ని చూస్తున్నాడు.

"ఏం బావా, పని వేళలో ఇటొచ్చావు? బస్సుకు కూడా పాలిష్ పెడతావా?"

"ఒరేయ్, నేను తాగుతాన్రా."

"తెలుసు."

"తెలుసా?"

"మా అక్కకు తప్ప మా వైపు వాళ్లందరికీ తెలుసు. అక్కకు నేనే చెప్పలేదు, ఏడుస్తుందని. అయినా ఇది చెప్పడానికి డిపోకు రావాలా?"

"తాగుతానని చెప్పడానికి రాలేదు. ఆపలేకపోతున్నానని చెప్పడానికొచ్చాను. ఇందాక చావు సీసా ఏదో, మందు సీసా ఏదో తెలీలేదురా. తెలీకపోయినా చెయ్యి సీసా మీదకే పోయింది."

డ్రైవరు జోకులాపి బావ ముఖంలోకి చూశాడు. లోపలికి వెళ్లి సెలవు చెప్పి వచ్చాడు. "పద. ఇవాళ బస్సు ఎవరో ఒకరు తోలతారు."

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎదురుగా కూర్చోబెట్టి అడిగింది. "ఎప్పటినుంచి తాగుతున్నారు?"

"చెయ్యి వణకడం మొదలైనప్పటినుంచండీ."

"చెయ్యి ఎప్పటినుంచి వణుకుతోంది?"

"తాగడం మొదలెట్టినప్పటినుంచి."

"మరి ముందు ఏది?"

"అదేనమ్మా, నాకూ కలిసిపోయింది."

డాక్టరమ్మ నవ్వలేదు కానీ నవ్వు ఆపుకుంది. "ఇంటికి వెళ్లి పౌరుషంగా ఒక్కసారే మానేస్తానని అనకండి. ఇంతలా అలవాటైన ఒళ్లు ఉన్నట్టుండి మందు ఆపితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదకే రావచ్చు. ఇక్కడే ఉండండి. మేం చూసుకుంటాం. ఇది బుద్ధి తక్కువతనం కాదు, జబ్బు."

జబ్బు అన్న మాట విని అతనికి గుండెల మీంచి బీరువా దింపినట్టయింది. అప్పటిదాకా తనను తాను రోజూ వెధవ అనే తిట్టుకున్నాడు. వెధవకు మందుల్లేవు. జబ్బుకు ఉన్నాయి.

మొదటి రోజులు కష్టంగా గడిచాయి. చెమటలు, వాంతులు, వణుకు. సీలింగు ఫ్యాను కిందికి దిగి వచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తన రెక్కలకు పాలిష్ పెట్టమని బతిమాలిందని అతను తర్వాత చెప్పేవాడు. కాదంటే అలిగి మళ్లీ పైకి వెళ్లిందట. తమ్ముడి నోట అంతా విని వచ్చిన భార్య పక్కనే కూర్చుని తడిగుడ్డతో నుదురు తుడిచేది. ఫ్యానుకు కూడా సర్దిచెప్పేది.

బయటికి వచ్చాక ఆసుపత్రి వెనక గదిలో జరిగే మీటింగులకు వెళ్లసాగాడు. తాగుడు మానినవాళ్లు, మానుతున్నవాళ్లు కుర్చీలు గుండ్రంగా వేసుకుని మాట్లాడుకునే చోటు అది. తన స్పిరిట్ సీసా ఉపాయం చెప్పి, అందరూ నోరెళ్లబెడతారని ఎదురుచూశాడు. ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఆవులించి, "నేను బాత్రూం ఫ్లష్ ట్యాంకులో దాచేవాణ్ని నాయనా. మా ఇంటికి ప్లంబరు వస్తున్నాడంటే నాకు జ్వరం వచ్చేది" అన్నాడు. గదంతా నవ్వింది. అద్దం మేస్త్రి కూడా నవ్వాడు. తన లోతైన రహస్యం అక్కడ ఒకటో తరగతి పాఠమని తెలిసి సిగ్గుతో పాటు హాయి కూడా కలిగింది.

అలా కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు పని చూసి మురిసిపోయిన కస్టమరు ఒకాయన కాగితంలో చుట్టిన సీసా చేతిలో పెట్టి వెళ్లాడు. దాన్ని పారబోయడానికే మూత తీశాడు. పారబోయలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్తే భార్య మామూలుగానే పలకరించింది, మామూలుగానే వడ్డించింది. ఆమెకు ఏమీ తెలియలేదు. అతను కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు.

"ఇవాళ తాగాను," అన్నాడు.

ఆమె గరిటె కింద పెట్టింది. "నాకు తెలీలేదు."

"తెలీదులే. అందుకే చెప్తున్నాను."

"అదే నేనూ అంటున్నాను. నాకు తెలీలేదు. తాగిన రోజూ ఇదే వాసన, తాగని రోజూ ఇదే వాసన. మరి ఇన్నాళ్లూ తాగట్లేదని నేను సంబరపడ్డాను కదా, అందులో ఎంత నిజం?"

"అంతా నిజమే. ఇవాళొక్కటే తప్పింది."

"మీరు చెప్తున్నారు. నమ్మాలనే ఉంది. కానీ రోజూ మీ ముఖం చూసి ఊహించుకుంటూ బతకడం నా వల్ల కాదండీ. తమ్ముడింటికి వెళ్తాను. కోపంతో కాదు, అలసిపోయి."

"ఈ నెల ఆగు. తర్వాత వెళ్తానంటే మిషన్ నేనే మోసుకొచ్చి దింపుతాను."

మర్నాడు డాక్టరమ్మ దగ్గరకు వెళ్లి జరిగింది చెప్పాడు. ఆమె తిట్టలేదు. జారినవాడు లేచి నేరుగా ఇక్కడికే రావడం మంచి గుర్తే అంది. "కానీ రోజంతా ఆ స్పిరిట్ ఆవిరి పీలుస్తూ మందు మర్చిపొమ్మంటే ఒళ్లు ఎలా మర్చిపోతుంది? ఆ వాసన మానలేరా?"

"అది మానితే పని మానినట్టేనమ్మా."

అన్నాడే గానీ, దారంతా ఆ మాటే నమిలాడు. పని నేర్చుకునే రోజుల్లో గురువు అవిసె నూనె, తేనెమైనం రుద్ది చెక్కను తయారుచేసేవాడు. స్పిరిట్ చుక్క కూడా అక్కర్లేదు. అయితే ఆ మెరుపు అద్దంలా ఉండదు. చేత్తో తడిమితే తెలిసే నునుపు, అంతే. పైగా ఆరడానికి రోజులు పడతాయి. కుర్రతనంలో దాన్ని ముసలివాళ్ల పనని ఎగతాళి చేసి వదిలేశాడు.

యజమాని వినగానే తల పట్టుకున్నాడు. "అద్దం మేస్త్రివై ఉండి నూనె రాస్తానంటావేంటయ్యా? అది ఆరేలోపు కస్టమర్లు ముసలాళ్లయిపోతారు!"

"ముసలాళ్లయితే మరీ మంచిదండీ. బల్లలో ముడతలు కనపడవు, సంతోషిస్తారు."

యజమాని నవ్వకూడదనుకుంటూనే నవ్వి, షెడ్డు వెనక, స్పిరిట్ గాలి తగలని వసారా ఇచ్చాడు. అద్దాల పని మిగతావాళ్లకు పోయింది. ఆ పేరు వదులుకోవడం మందు వదులుకున్నంత పనే అయింది. ఏళ్లుగా చెక్కలో తన ముఖం చూసుకుని మురిసినవాడు, ఇప్పుడు ఏమీ కనపడని చెక్కను తడుముతూ కూర్చున్నాడు. కానీ చెయ్యి నిలకడగా ఉంది.

ఆ సాయంత్రం ఇంటి గుమ్మంలోనే భార్య ఆపింది.

"అక్కడే నిలబడండి. చేతులెత్తండి."

కాన్వెంటు స్కూల్లో గోళ్ల తనిఖీకి నిలబడ్డ పిల్లాడిలా నిలబడ్డాడు. ఆమె చొక్కా వాసన చూసింది, నోరు తెరవమంది, చుట్టూ తిరిగి వెనక కూడా చూసింది.

"ఏం వాసనిది? పాత పడవలా ఉన్నారు."

"అవిసె నూనె."

"ఇంకేం లేదా?"

"ఇంకేమన్నా ఉంటే నీకే ముందు తెలుస్తుంది. ఇకనుంచి నీ ముక్కు అబద్ధమాడదు."

ఆమె ఇంకోసారి గట్టిగా పీల్చింది. పెదవులు బిగబట్టినా, పడవ మాట తలచుకునో ఏమో, పక్కున నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు విని చాలా కాలమైంది. మిషన్ ఎక్కడికీ కదలలేదు.

ఆ తర్వాత తనిఖీ రోజువారీ పద్ధతైపోయింది. బావమరిది ఇంటికొచ్చిన రోజు, "అక్కా, ఎయిర్‌పోర్టులో నీకు ఉద్యోగం చూడనా?" అని ఏడిపించేవాడు. "ముందు నిన్ను చూస్తాను, రా ఇలా" అనేది ఆమె. అద్దం మేస్త్రికి ఒక్కనాడూ చిన్నతనం అనిపించలేదు. ఎత్తిన చేతులతో నిలబడి, ఆమె ముక్కు దగ్గరగా రావడం, తర్వాత భుజాలు వదులై వెనక్కి తగ్గడం చూసేవాడు. రోజంతా అతను ఎదురుచూసేది ఆ భుజాల కోసమే. మీటింగులు మానలేదు. కాగితంలో చుట్టిన సీసా ఎవరైనా తెస్తే, వాళ్ల చేతుల్లో ఉండగానే వద్దనడం నేర్చుకున్నాడు.

ఒక సాయంత్రం మామూలుగానే ఇంటికొచ్చి గుమ్మంలో చేతులెత్తి నిలబడ్డాడు. ఆమె వంటింట్లోంచి హడావిడిగా వచ్చి, అతని చెయ్యి కిందినుంచి దూరి, వీధిలో ఆడుతున్న చిన్నదాన్ని కేకేసి, అదే దారిన వెనక్కి వచ్చింది.

"ఏంటండీ దారికడ్డంగా? కాళ్లు కడుక్కుని రండి, చల్లారిపోతోంది."

"చూడవా?"

"ఏంటి చూసేది?" అంటూనే లోపలికి వెళ్లిపోయింది.

అద్దం మేస్త్రి కాసేపు చేతులు అలాగే పైకి పెట్టుకుని నిలబడ్డాడు. గుర్తుచేద్దామా అనుకున్నాడు. తర్వాత, చేతులు మెల్లగా దించి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.