పిప్పరమెంట్లు పంచిన రోజు

మాది ఒడిశాలోని బరంపురంలో బడా బజార్. డిగ్రీ చదువుతున్నప్పుడు కాలేజీ సేవాశిబిరానికి నన్ను లీడర్‌ని చేశారు. లెక్చరర్ గారు పరిశుభ్రత మీద ఒడియాలో ఉపన్యాసం బట్టీ పట్టించి, గోపాలపూర్ దగ్గర జాలర్ల పల్లెకు పంపారు.

పిల్లలు పోగైతే తల్లులు వాళ్లే వస్తారనుకుని, మా కొట్లోంచి తెచ్చిన పిప్పరమెంట్లు పంచాను. తల్లులు రాలేదు. మగవాళ్లు తెడ్లు పట్టుకుని వచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని అప్పట్లో అక్కడ పుకారు. అది నాకు తెలీదు.

"మిఠాయిలెట్టి మా పిల్లల్ని ఎక్కడికి తీసుకెల్తన్నావ్? సెప్పు!" అంటూ ఒకాయన నా చెయ్యి పట్టుకున్నాడు. కంగారులో నా నోట్లోంచి బట్టీపట్టిన ఒడియా ముక్కలే వచ్చాయి. వాళ్ల అనుమానం ఇంకా బలపడింది. తెడ్డు పైకి లేచింది.

"ఓలమ్మో! సచ్చిపోనాను!" అని కళ్లు మూసుకుని అరిచాను.

దెబ్బ పడలేదు. ఒక ముసలామె అడ్డంగా వచ్చి నిలబడింది. "ఆగండ్రా, మన పిల్లేరా! ఏటమ్మా, ఈ నోరు ముందే ఇప్పొచ్చు కదా?"

ఇప్పుడు కొత్త లీడర్లకు నేనే శిక్షణ ఇస్తున్నాను. ఉపన్యాసాలు బట్టీ పట్టించను. ముందు పెద్దవాళ్లని వాళ్ల భాషలో పలకరించమంటాను. నేను మాత్రం, తెడ్డు భుజాన వేసుకుని ఎవరెదురైనా ఇప్పటికీ పక్కకి తప్పుకుంటాను.