స్వరూప దరఖాస్తు

ఒక ఫైలు బరువెంత? కంప్యూటర్‌ని అడిగితే నాలుగు పేజీలంటుంది. నన్నడిగితే పన్నెండేళ్లంటాను. అప్‌లోడ్ చేయనిది నేనే, లోడు మోస్తున్నదీ నేనే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

శేరిగూడ దగ్గర ఇంజనీరింగ్ చదివేటప్పుడు స్వరూపదీ నాదీ ఒకే బెంచి. వాళ్లది ఇబ్రహీంపట్నంలో చేపలు పట్టే కుటుంబం. క్లాసంతా సాఫ్ట్‌వేర్ కోచింగులకు పరిగెడుతుంటే, మేమిద్దరం వాళ్ల బాపు వెంట చెరువుకు వెళ్లి, ఏ నెలలో ఏ చేప ఎంత పడుతుందో రాసుకునేవాళ్లం. చేపల్ని గుర్తుపట్టేది తను. ఆ వివరాలతో ప్రోగ్రాం రాసేది నేను. చేపకీ చేపకీ తేడా నాకు పులుసులో తప్ప తెలిసేది కాదు.

మూడో ఏడు మా సార్ ఒక ప్రకటన చూపించాడు. జీవవైవిధ్యాన్ని కంప్యూటర్‌తో అధ్యయనం చేసే విద్యార్థులకు బెంగళూరులో రెండు నెలల శిక్షణ, స్టైపెండు, బాగా చేస్తే పై చదువుకు ఫెలోషిప్. కాలేజీకి ఒక్కరే. ఇద్దరం విడివిడిగా రాసుకున్నాం. లాప్‌టాప్ నాది కాబట్టి పంపే పనీ నాదే. తన దరఖాస్తు చదివాను. నాకన్నా బాగా రాసింది. నాది పంపాను. తనది తెరిచి, చాలాసేపు చూసి, మూసేశాను.

మర్నాడు క్యాంటీన్‌లో అడిగింది.

"ఏందే, నాది పంపినవా?"

"అవ్, రెండూ పంపిన."

"మస్తు. నీకొస్తే నాకొచ్చినట్టే. గని నాకొస్తే నువ్వు జర ఏడ్వకు!"

నాకే వచ్చింది. ప్రయాణానికి తనే వేపుడు చేపలు కట్టిచ్చింది. రైల్లో తిన్నాను. రుచిగానే ఉన్నాయి, అదే సిగ్గు.

చెరువు దగ్గర స్వరూప వాళ్లు చేపలు పంచుకునే పద్ధతి ఒకటుంది. గట్టు మీద సమానంగా కుప్పలు పోస్తారు. ఒకరు అటు తిరిగి నిలబడతారు. ఇంకొకరు కుప్ప మీద చేయి పెట్టి "ఇదెవరికి?" అంటే, తిరిగి చూడకుండానే పేరు చెప్పాలి. ఎవరికి ఏది దక్కినా గొడవుండదు. నేను మాత్రం రెండు కుప్పలూ కళ్లారా చూసి, నా పేరే చెప్పుకున్నాను.

భయమా? అసూయా? పంపి ఉంటే తనకే వచ్చేదా? ఏమో. అది ఎప్పటికీ తెలియకుండా చేసిందీ నేనే.

ఇప్పుడు నేను అలాంటి శిక్షణకే పిల్లల దరఖాస్తులు చూస్తాను. స్వరూప పెద్ద అంబర్‌పేట్‌లో ఒక గోదాములో కంప్యూటర్ మీద సరుకు వివరాలు ఎక్కిస్తుంది. సుఖంగానే ఉంది. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంటుంది. నేను ఊరికి వెళ్తే ఇప్పటికీ కొర్రమట్ట చేప దాచి ఉంచుతుంది. "మా సైంటిస్టు" అని అందరికీ చూపిస్తుంది. నేను నవ్వుతాను. ఆ నవ్వు కూడా తనకు రావాల్సిందేనేమో.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఇంతకాలం మనసులో కూడా పూర్తిగా అనలేకపోయిన ఒక్క మాటను ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే చెయ్యి కాస్త తేలికవుతోంది.

స్వరూపా, నీది నేను పంపలేదు.