బలం డబ్బాలు చదివిన మా పెద్దమ్మాయి

మా పెద్దమ్మాయి పోయింది. పోయిన వారం, నరసరావుపేటలో మా ఇంట్లోనే, పొద్దున పూట, నా చెయ్యి పట్టుకునే పోయింది. చూడ్డానికొచ్చినవాళ్లు నేను గుండెలు బాదుకుంటానని అనుకున్నారు. ఏడ్చాను. కానీ ఏడుపు కంటే ముందు పెద్ద ఊపిరి ఒకటి వదిలాను. పిల్లకు నొప్పి తీరింది. కన్నతల్లి ఇలా అనవచ్చో లేదో నాకు తెలియదు, అనిపించింది రాస్తున్నాను. అయిదో తరగతి దాటని చదువు నాది, తప్పులుంటే సర్దుకుని చదవండి.

తను హైస్కూల్లో లెక్కల టీచరు. కడుపులో జబ్బు చేసి, చిన్నపేగు చివరి భాగం కోసి తీసేశారు. ఆ తర్వాత ఏం తిన్నా సరిగా ఒంటికి పట్టేది కాదు. మా వైపు రోగిని చూడ్డానికి ఎవరూ వట్టి చేతులతో రారు. బత్తాయిలో, బలం పొడి డబ్బానో తెస్తారు. మా అలమార నిండిపోయింది. శక్తికి ఒకటి, జ్ఞాపకశక్తికి ఒకటి, రెండూ కలిపి ఇంకొకటి. పిల్ల కళ్లజోడు పెట్టుకుని, పరీక్ష పేపర్లు దిద్దినట్టు వాటి వెనక అక్షరాలు చదివేది.

"ఇది చూడమ్మా. ముందేమో మెదడు బొమ్మ, వెనకేమో అంతా చక్కెర."

"ఇనుము కూడా ఉందంటగదే?"

"ఉంటే సరిపోద్దా? ఏ రూపంలో ఉందో చూడాల. కొన్ని ఇట్టే కరిగి రక్తంలో కలుస్తయ్. కొన్ని లోపలికి పోయి, ఊరు చూసుకుని బయటికొస్తయ్."

నాకు నవ్వాగేది కాదు. ఇనుము మాత్ర నిమ్మరసంతో వేసుకునేది, దాని దగ్గరికి టీని రానిచ్చేది కాదు. డి విటమిన్ నెయ్యన్నం తిన్నాకే. "ఒక్కోదానికి ఒక్కో జోడీ కుదరాలమ్మా, పెళ్లి సంబంధాల్లాగా" అనేది.

ఒకరోజు బడి నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది. లెక్క చెబుతూ చెబుతూ బోర్డు ముందు ఆగిపోయిందట. తర్వాత మెట్టు ఏమిటో గుర్తు రాలేదట. "ఒళ్లు పోతే పోనీ అమ్మా, బుర్ర పోగూడదు" అంది. ఆ పిల్ల నోట భయం వినడం అదే మొదలు.

బెల్లంకొండ నుంచి మా వదిన సరస్వతాకు పొడి తెచ్చింది, నేతిలో కలిపి పెట్టాను. పక్కింటి పిన్ని ఖరీదైన టానిక్ సీసా తెచ్చింది, అదీ పోశాను. ఏదీ పని చేయలేదు. "పెట్టే చెయ్యి మంచిదై ఉండాలే" అని పిన్ని అననే అంది. అది నా మనసులో ముల్లులా దిగింది. ముద్ద కలిపేటప్పుడల్లా నా చేతినే చూసుకునేదాన్ని.

చివరికి డాక్టరు రక్తం పరీక్ష చేయించి, బి పన్నెండు అనేది బాగా తక్కువగా ఉందన్నాడు. అది ఒంట్లోకి చేరేది పేగు చివరి భాగం నుంచేనట, ఆ భాగమే పిల్లకు లేదు. నోటితో లాభం లేదని సూదిమందు మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు బుర్ర తేటపడింది. మళ్లీ బడికి పోయింది. ఆ రోజుల్లోనే ఒకసారి అన్నం కలుపుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"పిన్ని మాట ఇంకా మోస్తన్నావా? నీ చెయ్యి మంచిదేనమ్మా. నాకే లోపల దారి లేదు."

ఆ మాట చెప్పకుండా పోయుంటే ఈరోజు నేనిలా కూర్చుని రాయగలిగేదాన్ని కాదు.

ఈ ఏడాది జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నొప్పికి ఇచ్చేవి తప్ప మిగతా మందులన్నీ ఆపేశారు. బుర్ర మాత్రం చివరిదాకా చెక్కుచెదరలేదు. వచ్చిన ప్రతివాళ్లనూ గుర్తుపట్టి, డబ్బాలు తెచ్చినవాళ్లను "మీరే తాగండి, చానా నీరసంగా ఉన్నారు" అని ఆటపట్టించింది.

పోయే ముందురోజు అడిగాను, "ఏం తింటావే తల్లీ?"

"పండుమిరప పచ్చడి."

"ఏందే, కడుపు తగలబడుద్ది!"

"కడుపుదాకా పోనియ్యనులే. నాలిక్కి రాయి, చాలు."

వేలితో రాశాను. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు కారింది. "అబ్బ! ఉప్పు సరిగ్గా సరిపోయిందమ్మా" అని పెదాలు చప్పరించింది. నేను మూత పెట్టబోతే ఊరుకోలేదు. ఎర్రబడ్డ పెదాలతో, పసిపిల్లలాగా నాలుక బయటపెట్టి, ఇంకొంచెం అన్నట్టు నా వేలివంకే చూస్తూ ఉంది.